పాఠం అప్పజెప్పించుకొనే యంత్రం

చదువును గూర్చి తెలుగువారికి రెండు మాటలున్నవి. ఒకటి వల్లె వేయడం, రెండవది అప్పజెప్పడం. పుస్తకం ఎదుట పెట్టుకొని పాఠాన్ని పదిసార్లు చదవడం వల్లె వేయడం. పుస్తకం మూసి, ఎదుటివారి ముఖం చూస్తూ, అదే పాఠాన్ని తన లోపలినుండి బయటకు తీయడం అప్పజెప్పడం. మొదటిదానిలో విద్యార్థి పుచ్చుకొంటాడు. రెండవదానిలో పుచ్చుకొన్నది తిరిగి ఒప్పగిస్తాడు. సొమ్ము విషయంలో వాడే మాటనే చదువు విషయంలోనూ వాడిన మన పెద్దలు ఈ రెండు పనుల భేదాన్ని బాగా ఎరిగినవారే అనుకోవాలి. ఆ భేదం ఎంతటిదో ప్రయోగాలలో కొలిచి చూపడానికి మాత్రం ఇరవయ్యవ శతాబ్దం రావలసి వచ్చినది.

అప్పజెప్పడంలో ఒక చిక్కు ఉన్నది. వల్లె వేయడానికి పిల్లవాడొక్కడు చాలు. అప్పజెప్పడానికి వినేవారు కావాలి. తరగతిలో నలభైమంది పిల్లలు, ఒక్క ఉపాధ్యాయుడు, నలభై ఐదు నిమిషాల పీరియడు. అందరివద్దా పాఠం వినాలంటే తలకు ఒక్క నిమిషం పైచిలుకు మాత్రమే దక్కుతుంది. ఇక కొత్త పాఠం చెప్పడానికి కాలమెక్కడిది? ఈ లెక్క తెగకనే రెండు వందల సంవత్సరాలుగా ఎన్నో ఉపాయాలు పుట్టినవి. నేడు పిల్లల ఫోనులలోను, బడి కంప్యూటర్లలోను కనిపించే ఇంటర్నెట్ పునశ్చరణ వేదికలు ఆ వరుసలో ఇటీవలివి.

వీటి పని తీరు తేలికగానే అర్థమవుతుంది. ఉపాధ్యాయుడు తన తరగతి పిల్లల పేర్లు అందులో చేర్చి, ఫలానా పాఠం మీద ప్రశ్నలు ఇస్తాడు. పిల్లలు జవాబులు ఎంచుకొంటారు, లేదా టైపు చేస్తారు. తప్పో ఒప్పో ఆ క్షణంలోనే తెలుస్తుంది. తప్పిన ప్రశ్న కొన్నాళ్లకు మళ్లీ ఎదురవుతుంది. ఎవరు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో ఉపాధ్యాయుని తెర మీద ఒక పట్టికగా కనిపిస్తుంది. అంటే ఇది పాఠం చెప్పే యంత్రం కాదు, అప్పజెప్పించుకొనే యంత్రం. ఈ తేడాను గమనించినచోట ఇది బాగా ఉపయోగపడినది. మరచినచోట ఖరీదైన ఆటవస్తువుగా మిగిలినది. దీని చరిత్ర అంతా ఈ సంగతినే చెబుతున్నది.

మద్రాసు నుండి ఇంగ్లండుకు

ఈ చరిత్రకు ఒక వేరు దక్షిణ భారతంలోనే ఉన్నది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో రాజధానిలోని పాఠశాలల వివరాలు పంపవలసినదిగా జిల్లా కలెక్టర్లను కోరాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ సమర్పించిన నివేదిక వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇతడు తెలుగు వ్యాకరణం వ్రాసిన క్యాంప్‌బెల్లే. నేటి అనంతపురం ప్రాంతం కూడ కలిసి ఉన్న ఆనాటి బళ్లారి జిల్లాలో 533 పాఠశాలలున్నట్లు ఆయన లెక్కవేశాడు. అందులో ఎక్కువ భాగం కన్నడ, తెలుగు వీధిబడులే.

పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దడం, పైతరగతివారు క్రిందితరగతివారికి చెబుతూ వారివద్ద పాఠం వినడం ఆయన శ్రద్ధగా వర్ణించాడు. పెద్దపిల్లవాడు చిన్నవానికి చెబుతూ తన చదువును కూడ గట్టిపరచుకొంటున్నాడని మెచ్చుకొన్నాడు. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం న్యాయమేనన్నాడు. ఆ అనుకరణకు ఆద్యుడు ఆండ్రూ బెల్ అనే మతబోధకుడు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయానికి అధికారిగా వచ్చిన బెల్, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రాసుకోవడం చూశాడు; తన బడిలోనూ ఆ పద్ధతి పెట్టించాడు. జీతగాళ్లయిన ఉపాధ్యాయులు సహకరించకపోవడంతో పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించాడు. 1797లో లండనులో దీనిపై ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. తరువాత కొన్ని దశాబ్దాలపాటు ఇంగ్లండులో వేలాది బీదపిల్లలు ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో చదువుకొన్నారు. ఒక్క ఉపాధ్యాయుడు వందమంది పాఠాలు వినలేడు. కాబట్టి వినే పనిని పంచిపెట్టాలి. ఉపాయమంతా ఇదే.

ఐతే క్యాంప్‌బెల్ మెచ్చుకొని ఊరుకోలేదు. పిల్లలు తమకు అర్థం కాని గ్రాంథిక భాషలోని పద్యాలను చిలుకలవలె ఒప్పగిస్తున్నారని కూడ ఆయన ఫిర్యాదు చేశాడు. అప్పజెప్పడం ఒక ఎత్తు, అర్థం చేసుకొని అప్పజెప్పడం మరొక ఎత్తు. 1823 నాటి ఆ ఫిర్యాదు నేటి పునశ్చరణ వేదికలకు కూడ ఒక్క అక్షరం మార్చకుండా వర్తిస్తుంది.

మరపును కొలిచినవాడు

జర్మనీ దేశస్థుడు హెర్మాన్ ఎబింగ్‌హౌస్ 1879లో ఒక విచిత్రమైన ప్రయోగానికి పూనుకొన్నాడు. ప్రయోగం చేసేవాడూ ఆయనే, ప్రయోగానికి గురి అయినవాడూ ఆయనే. ఏ అర్థమూ లేని పొడి అక్షరాల గుంపులను సుమారు 2300 తయారు చేసుకొని, వాటిని వరుసలుగా కంఠస్థం చేస్తూ, కొంత వ్యవధి తరువాత వాటినే మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గినదో లెక్కకట్టాడు. 1885లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 20 నిమిషాలు గడిచేసరికే ఆదా అయిన శ్రమ నూటికి 58 పాళ్లకు పడిపోయినది. ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25, నెల రోజులకు 21. మరపు మొదట్లో లోయలోకి జారినట్లు జారి, తరువాత నెమ్మదిస్తుంది.

ఆయన మరొక సంగతి కూడ కనిపెట్టాడు. 12 అక్షర గుంపుల వరుసను ఒకే రోజున 68 మార్లు చదివితే కలిగిన ఫలితం, మూడు రోజులలో పంచి 38 మార్లు చదివితేనే కలిగినది. పరీక్ష ముందునాటి రాత్రి జాగరణ చేసే విద్యార్థులు దాదాపు రెండింతల కూలి పనిచేస్తున్నారన్నమాట!

ఎబింగ్‌హౌస్ కొలిచినది వల్లె వేయడాన్ని. అప్పజెప్పడాన్ని బడిపిల్లలపై పరీక్షించినవాడు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థర్ గేట్స్. 1917లో ఆయన పిల్లలకు కొన్ని జీవిత విశేషాలను ఇచ్చి, ఉన్న కాలంలో కొంత చదవడానికి, కొంత కాగితం చూడకుండా చెప్పుకోవడానికి వేర్వేరు పాళ్లలో పంచాడు. కాలమంతా చదువుతూ గడిపినవారికంటె సగానికి పైగా కాలం చెప్పుకోవడంలో గడిపినవారే మెరుగని తేలినది.

అంతకంటె విస్తారమైనది 1939లో హెర్బర్ట్ స్పిట్జర్ ప్రకటించిన పరిశీలన. అయోవా రాష్ట్రంలోని తొమ్మిది నగరాలలో 91 బడులకు చెందిన 3605 మంది ఆరవ తరగతి పిల్లలు ఇందులో పాల్గొన్నారు. వారికి చదవడానికి ఇచ్చిన వ్యాసాలు వేరుశనగను గూర్చి, వెదురును గూర్చి. చదివిన తరువాత కొందరిని వెంటనే ప్రశ్నించారు, కొందరిని మరునాడు, మరికొందరిని వారాల తరువాత. చదివిన వెంటనే, లేదా ఒక్క రోజులోగా ఒకమారు ప్రశ్నించబడిన పిల్లలు చాల రోజుల తరువాత కూడ ఎక్కువ నిలుపుకోగలిగారు. మొదటి ప్రశ్న ఎంత ఆలస్యమైతే అంత నష్టం. జ్ఞాపకాన్ని కొలవడానికే పరీక్ష అనుకొన్నవారికి, పరీక్షే జ్ఞాపకాన్ని నిలబెడుతుందని ఈ వేరుశనగ వ్యాసం చూపినది. కాని ఈ సంగతి ప్రొఫెసర్ల పత్రికలు దాటి బడి గుమ్మం తొక్కడానికి మరి డెబ్బై ఏళ్లు పట్టినది.

మీటలు, కిటికీ, మిఠాయి

ఇంతలో యంత్రాలు బయలుదేరినవి. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించే సిడ్నీ ప్రెస్సీ 1924లో తోటి శాస్త్రజ్ఞుల సభలో ఒక పెట్టెను ప్రదర్శించాడు. చిన్న టైపు మిషను అంత ఉండే ఆ పెట్టెకు ఒక కిటికీ, నాలుగు మీటలు. కిటికీలో ప్రశ్న, నాలుగు జవాబులు కనిపిస్తవి. విద్యార్థి ఒక మీట నొక్కుతాడు. వెనుకనున్న కమ్మీ ఒక వైపు ఉంటే అది పరీక్ష యంత్రం. ఒప్పుల సంఖ్య తనంతట లెక్కించుకొని తరువాతి ప్రశ్నకు పోతుంది. కమ్మీని రెండవ వైపు త్రిప్పితే బోధన యంత్రం. సరియైన మీట నొక్కేవరకు ప్రశ్న కదలదు. తగినన్ని ఒప్పులు చేసిన పిల్లవానికి మిఠాయి బిళ్ల రాల్చే ఉపకరణాన్ని కూడ ప్రెస్సీ జతపరచాడు. నేటి వేదికలు ఇచ్చే నక్షత్రాలు, నాణేలు ఆ మిఠాయికి మనుమలే. 1927లో ఆయన మరొక మెరుగు చేశాడు. వరుసగా రెండుసార్లు సరిగా చెప్పిన ప్రశ్నను యంత్రమే తొలగించి, రానివాటినే తిరిగి అడిగేది.

ఉపాధ్యాయులను పత్రాలు దిద్దే వెట్టినుండి విడిపించి, ఆ కాలాన్ని పిల్లలకు మిగల్చాలన్నది ప్రెస్సీ ఆశయం. విద్యారంగంలో ఒక పారిశ్రామిక విప్లవం రాబోతున్నదని ఆయన వ్రాశాడు. రాలేదు. 1929 తరువాత ఆర్థిక మాంద్యంతో బడులవద్ద డబ్బు లేదు. ఉద్యోగాలు లేని ఉపాధ్యాయులు వీధులలో ఉండగా శ్రమ తగ్గించే యంత్రం ఎవరికి కావాలి? 1932లో ప్రెస్సీ విచారంతో ఆ పనిని విరమించాడు.

ఇరవై ఏళ్ల తరువాత దీనికి మళ్లీ ప్రాణం పోసినవాడు హార్వర్డుకు చెందిన స్కిన్నర్. 1953 నవంబరులో తన కుమార్తె చదివే నాల్గవ తరగతికి తండ్రుల దినోత్సవం నాడు వెళ్లి, వెనుక బెంచీలో కూర్చుని లెక్కల పాఠం చూశాడు. ఇద్దరు ముగ్గురు ఎప్పుడో ముగించి దిక్కులు చూస్తున్నారు. కొందరు తల పట్టుకొన్నారు. తన లెక్క తప్పో ఒప్పో ఏ పిల్లవానికీ మరునాటివరకు తెలియదు. ఆ పాఠం చెప్పే ఆమెది తప్పు కాదు. ఆ ఏర్పాటులోనే లోపమున్నదని ఆయన గ్రహించాడు. కొద్ది రోజులలోనే ఒక యంత్రం తయారు చేశాడు.

ప్రెస్సీ యంత్రంలో జవాబును ఎంచుకోవాలి. స్కిన్నర్ యంత్రంలో విద్యార్థి తానే వ్రాసి, తరువాత మూత క్రింద కనిపించే సరియైన జవాబుతో పోల్చుకోవాలి. నాలుగు జవాబులలో మూడు తప్పులను పిల్లల కంటికి చూపించడం వారి బుర్రలో తప్పులు నాటడమే అని స్కిన్నర్ వాదం. ఈ వివాదం నేటికీ తెగలేదు. వ్రాసే ప్రశ్నలో జ్ఞాపకం గట్టిపడుతుంది. ఎంచుకొనే ప్రశ్నను యంత్రం సులభంగా దిద్దుతుంది. నేటి వేదికలలో ఎక్కువ భాగం రెండవదానివైపే మొగ్గినవి. కారణం విద్యాసూత్రం కంటె దిద్దుబాటు సౌలభ్యమే అనవలసి ఉన్నది.

1960 ప్రాంతాల ఇట్టి యంత్రాలు, వాటిని పోలిన పాఠ్యపుస్తకాలు అమెరికాలో వెల్లువగా వచ్చి, ఆ దశకం చివరికి అంత త్వరగానూ తీసిపోయినవి. చిన్న చిన్న మెట్లు ఎక్కి ఎక్కి పిల్లలు విసిగిపోయారు. ఉపాధ్యాయుడు లేకుండా నడిచే బడిని ఊహించినవారు ఆ ఉపాధ్యాయులతో సంప్రదించడం మరచారు. అదే 1960లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, ఆయన సహచరులు కంప్యూటరుకు ఒక తెరను, మీటలను తగిలించి ‘ప్లేటో’ అనే బోధన వ్యవస్థను ప్రారంభించారు. 1970 దశకం మధ్యకు దానికి దూరదూరాన ఉన్న సుమారు 1000 తెరలు తగులుకొన్నవి. తంతి ద్వారా దూరపు బడికి ప్రశ్నలు పంపి, జవాబులను ఒకచోట కూర్చడం అక్కడే అలవడినది.

అట్టపెట్టె నుండి ఇంటర్నెట్టుకు

రెండవ పాయ జర్మనీలో ఒక అట్టపెట్టెలో పుట్టినది. విజ్ఞాన విషయాల విలేఖరి సెబాస్టియన్ లైట్నర్ 1972లో వ్రాసిన పుస్తకంలో ఐదు అరల పెట్టెను సూచించాడు. ప్రశ్న ఒక ప్రక్క, జవాబు రెండవ ప్రక్క వ్రాసిన చీటీలన్నీ మొదట మొదటి అరలో ఉంటవి. సరిగా చెప్పిన చీటీ తరువాతి అరకు పోతుంది. తప్పినది ఎక్కడ ఉన్నా మొదటి అరకు తిరిగి వస్తుంది. వెనుక అరలను అరుదుగా తీస్తారు. రానిది తరచుగా, వచ్చినది అరుదుగా ఎదురు కావడానికి ఇంతకంటె చవక ఏర్పాటు ఉండదు.

ఈ పెట్టెకు లెక్క కట్టినట్టి పద్ధతిని పోలండులోని పోజ్నాన్‌లో చదువుతున్న పియోత్ర్ వోజ్నియాక్ స్వతంత్రంగా రూపొందించాడు. 1985లో కాగితంపైన, 1987లో కంప్యూటరు పైన. ఆయన సూత్రం ప్రకారం ఒక ప్రశ్న మొదట ఒక రోజుకు, పిమ్మట ఆరు రోజులకు అడగాలి. ఆ తరువాత వ్యవధిని ప్రతిమారూ సుమారు రెండున్నర రెట్లు పెంచాలి. ఆరు రోజులు 15 అవుతవి, 15 రోజులు 38 అవుతవి. కష్టమైన ప్రశ్నకు ఆ రెట్టింపు తగ్గుతుంది. ఎబింగ్‌హౌస్ గీసిన మరపు లోయ అంచుమీద, సరిగ్గా జారబోయే సమయానికి చేయి అందించడమే దీని ఆంతర్యం.

ఇక ఇంటర్నెట్ వచ్చిన తరువాత సంగతులు వేగంగా నడిచినవి. ఇంగ్లండులో పదహారేళ్ల పిల్లలు వ్రాసే జి.సి.ఎస్.ఇ. పరీక్షల కోసం 1998లో బి.బి.సి. ‘బైట్‌సైజ్’ అనే పునశ్చరణ శాఖను తెరచినది. చిన్న చిన్న ముక్కలుగా పాఠం, చివర ప్రశ్నలు. 2005లో కాలిఫోర్నియాలో హైస్కూలు విద్యార్థి ఆండ్రూ సదర్లాండ్ ఫ్రెంచి భాషలో 111 జంతువుల పేర్లు నేర్వవలసి వచ్చి, తనకోసమే ఒక ప్రోగ్రాము వ్రాసుకొన్నాడు. అది ‘క్విజ్‌లెట్’ పేర 2007లో అందరికీ అందినది. ప్రపంచంలో మిక్కిలి వ్యాపించిన పునశ్చరణ సాధనాలలో ఒకటి పరీక్ష తప్పుతానేమోనన్న ఒక పిల్లవాని భయంనుండి పుట్టడం విశేషం.

తరగతి గదిలో

ఇన్ని యంత్రాలుండగా, అప్పజెప్పించుకోవడం నిజంగా ఎంత పని చేస్తుంది? 2006లో సెయింట్ లూయిలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని సూటిగా తేల్చారు. ఒక జట్టు విద్యార్థులు ఒక వ్యాసాన్ని నాలుగు విడతలు చదివారు. మరొక జట్టు ఒక్క విడత చదివి, మూడు విడతలు కాగితం చూడకుండా గుర్తున్నది వ్రాశారు. ఐదు నిమిషాల తరువాత అడిగితే మొదటి జట్టు నూటికి 83 పాళ్లు, రెండవది 71 పాళ్లు చెప్పగలిగినవి. వారం తరువాత అడిగితే తలక్రిందులైనది. చదివినవారికి 40, వ్రాసినవారికి 61. అన్నిటికంటె గమనింపదగినది ఇది: తమకు బాగా వచ్చినదన్న ధైర్యం చదివినవారికే ఎక్కువగా ఉండినది. వల్లె వేయడం జ్ఞానాన్ని కాక ధైర్యాన్ని పెంచుతుందన్నమాట. పరీక్ష గదిలో “నిన్న అంతా వచ్చిందే!” అని కన్నీరు పెట్టే పిల్ల అబద్ధమాడడం లేదు. అట్టి పిల్లను మందమతి అని తీసివేయడం ఎంత అన్యాయమో ఈ అంకెలు చెబుతున్నవి.

ఆ శాస్త్రజ్ఞుల బృందమే ఇలినాయ్ రాష్ట్రంలో కొలంబియా అనే చిన్న ఊరి మాధ్యమిక పాఠశాలకు వెళ్లి, అసలైన పాఠాలపై అసలైన ఉపాధ్యాయులతో కలిసి పనిచేసినది. ప్రతి పిల్లవానికీ జవాబు నొక్కే చిన్న మీటల పెట్టె ఇచ్చారు. ప్రెస్సీ మీటలే చేతిలోకి వచ్చినవి. పాఠానికి ముందు, పాఠం కాగానే, యూనిట్ పరీక్షకు ముందు చిన్న చిన్న ప్రశ్నలు. సాంఘిక శాస్త్ర తరగతిలో ఏ అంశాలపై ప్రశ్నలు అడిగారో బోధించే ఆమెకే తెలియకుండా, ప్రశ్నలప్పుడు ఆమెను గదిలో ఉండనీయలేదు. తెలిస్తే ఆ అంశాలనే నొక్కి చెప్పవచ్చునన్న జాగ్రత్త. ఎనిమిదవ తరగతి విజ్ఞాన శాస్త్రంలో ఇట్లా అడిగిన అంశాలలో పిల్లలకు సగటున 92 మార్కులు, అడగని అంశాలలో 79 వచ్చినవి. తరువాత 1408 మంది విద్యార్థులను అడిగితే, నూటికి 72 మంది ఈ చిన్న ప్రశ్నల వలన పెద్ద పరీక్షంటే బెదురు తగ్గిందన్నారు. పరీక్షలు ఎక్కువైతే భయం పెరుగుతుందనుకోవడం సహజం. మార్కుల బరువు లేని ప్రశ్నలు ఆ భయాన్ని తగ్గించినవి.

నేర్పరులైన ఉపాధ్యాయులు పునశ్చరణ వేదికను ఎట్లా వాడుతున్నారో ఇప్పుడు తేలికగా గ్రహించవచ్చు. పీరియడు మొదటి ఐదు నిమిషాలలో నాలుగు ప్రశ్నలు. ఒకటి నిన్నటి పాఠం నుండి, ఒకటి పోయిన వారం నుండి, మిగిలినవి రెండు మూడు నెలల క్రిందటివి. హాజరు పట్టీ ముగిసేలోగా పిల్లల మెదడు వెనుక అరలలో వెదకడం మొదలుపెడుతుంది. ఇంటిపనిగా ఇచ్చినప్పుడు, కొత్త పాఠానికి ముందునాడు, ఆ పాఠానికి పునాదియైన పాత విషయాన్ని ఇస్తారు. పరీక్షల ముందు పుస్తకమంతా ఒక్కసారి కేటాయించి చేతులు దులుపుకోవడం తేలిక. ఎబింగ్‌హౌస్ లెక్క ప్రకారం అది అధమ పక్షం.

ఐతే అసలు ప్రయోజనం పట్టికలో ఉన్నది. ఉదాహరణకు, మొక్క తన శరీరానికి కావలసిన పదార్థాన్ని ముఖ్యంగా ఎక్కడనుండి తీసుకొంటుందని అడిగారనుకొందాం. నలభైమందిలో ఇరవై ఏడుగురు ‘మట్టి’ అన్నారు. యంత్రం ఇరవై ఏడుగురికీ తప్పు గుర్తు వేసి, రెండు రోజుల తరువాత అదే ప్రశ్న మళ్లీ అడుగుతుంది. అప్పటికి పిల్లలు ‘మూడవ జవాబు’ అని గుర్తుంచుకొంటారు, పట్టిక పచ్చబడుతుంది, మనసులో మట్టి మట్టిగానే ఉంటుంది. క్యాంప్‌బెల్ చిలుక ఇక్కడ మీట నొక్కుతున్నది! పట్టిక చదివిన ఉపాధ్యాయుడు మాత్రం మరునాడు ఆ ప్రశ్నను పక్కనపెట్టి వాన్ హెల్మాంట్ కథ చెబుతాడు. ఆ బెల్జియం శాస్త్రజ్ఞుడు 200 పౌన్ల మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్కను నాటి, ఐదేళ్లు నీరు మాత్రమే పోశాడు. చెట్టు సుమారు 169 పౌన్లకు పెరిగినది. మట్టి తగ్గినది 2 ఔన్సులు. 1648లో అచ్చయిన ఆ ప్రయోగంనుండి ఆయన చెట్టంతా నీరేనని తీర్మానించి తానూ పొరబడ్డాడు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సంగతి అప్పటికి తెలియదు. ఇరవై ఏడుగురు ఒకే తప్పు చేసినప్పుడు లోపం పిల్లలది కాదు, పాఠానిది. ఆ వార్త రెండు నెలల తరువాత పరీక్ష పత్రాల కట్టలో కాక, ఆ రాత్రికే ఉపాధ్యాయునికి అందడం పునశ్చరణ వేదిక చేసిన నిజమైన ఉపకారం.

ఇదే పట్టిక అపకారం కూడ చేయగలదు. శాతాలను ప్రోగ్రెస్ కార్డుకు ఎక్కించినా, బడుల మధ్య పోటీకి పెట్టినా, ఆ రోజుతో దాని విలువ పోతుంది. పిల్లవాడు పక్కన పుస్తకం తెరచుకొని జవాబు నొక్కుతాడు. అన్నో అక్కో నొక్కిపెడతారు. శాతం పెరుగుతుంది, ఉపాధ్యాయునికి వార్త అందదు. నాలుగు జవాబులలో కన్ను మూసుకొని ఒకటి నొక్కినా నూటికి 25 వస్తుందన్న సంగతి కూడ మరచిపోరాదు.

2013లో డన్‌లోస్కీ, ఆయన సహచరులు విద్యార్థులు వాడే పది చదువు పద్ధతులను బేరీజు వేసి, తమను తాము ప్రశ్నించుకోవడం, చదువును రోజుల మీద పంచుకోవడం అనే రెండింటికి మాత్రమే పై శ్రేణి ఇచ్చారు. తిరిగి చదవడం, వాక్యాల క్రింద గీతలు గీయడం క్రింది శ్రేణిలో నిలిచినవి. గీతల పెన్సిళ్లు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నవి.

ఒక్క ఫోనుతో

భారతదేశంలో ‘దీక్ష’ అనే ప్రభుత్వ వేదికను 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో పాఠం ప్రక్కన అచ్చయిన చదరపు గుర్తును ఫోనుతో చూపితే ఆ పాఠానికి సంబంధించిన దృశ్యాలు, ప్రశ్నలు తెరచుకొంటవి. తెలుగు పుస్తకాలలోనూ ఆ గుర్తులు వచ్చినవి. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు వేదికల కొరత కంటె ఫోనుల కొరత పెద్దదని బయటపడినది. ఇంటికి ఒక్క ఫోను. అది తండ్రితో పనికి పోతుంది. సాయంత్రం ముగ్గురు పిల్లలు దానికోసం కాచుకొని ఉంటారు. ఇట్టిచోట ఇంటిపనిగా ఇచ్చిన పునశ్చరణ, ఫోనున్నవారికి రెండవ చదువుగాను, లేనివారికి రెండవ లోటుగాను మారుతుంది.

అందువలన ఫోను ఉపాధ్యాయునివద్ద మాత్రమే ఉండే పద్ధతులను గమనించవలసి ఉన్నది. అట్టివాటిలో ఒకటి అమెరికాలో ఒక లెక్కల ఉపాధ్యాయుడు 2010 దశకంలో రూపొందించిన ‘ప్లికర్స్’. ప్రతి పిల్లవానికీ ఒక అట్ట కార్డు. దానిపై నలుపు తెలుపు గళ్ల గుర్తు. కార్డును నాలుగు వైపులలో ఏ వైపు పైకి పట్టుకొంటే ఆ జవాబు. ఉపాధ్యాయుడు ఫోను కెమేరాను ఒక్కసారి గదిలో అటునుండి ఇటు త్రిప్పితే, ఎవరు ఏమి చెప్పారో తెర మీద పేర్లతో సహా పడుతుంది. ఒక్కొక్కరి గుర్తు ఒక్కొక్క తీరు కాబట్టి పక్కవాని కార్డు చూసి ప్రయోజనం లేదు. కార్డులు కాగితంపై అచ్చు వేసుకొని అట్టకు అంటించుకోవచ్చు. అవి కూడ లేనిచోట పలకలున్నవి. జవాబు పలకపై వ్రాసి, ఒకటి రెండు మూడు అనగానే అందరూ ఒక్కమారు ఎత్తిచూపడమే.

కష్టమంతా ప్రశ్నలు వ్రాయడంలో ఉన్నది. సరియైన జవాబు వ్రాయడం తేలిక; దాని ప్రక్కన పెట్టే మూడు తప్పులు, పిల్లవాడు నిజంగా నమ్మదగినవై ఉండాలి. వాటిని ఊహించి వ్రాసినవారికంటె వెదకి తీసినవారు మెరుగని అనుభవజ్ఞులు చెబుతారు. వెదకవలసినచోటు దూరంలో లేదు. స్టాఫ్ రూము బీరువాలో దారం కట్టి పడవేసిన నిరుటి జవాబు పత్రాల కట్ట తీస్తే, ప్రతి పాఠానికీ కావలసినన్ని తప్పులు పిల్లల చేతివ్రాతలోనే దొరుకుతవి.